ట్రాయ్‌లో కాసులపేరు

నాణేలు సేకరించేవాళ్ళకి చిల్లు అంటే చావుకబురే. ఎంత అరుదైన నాణెమైనా సరే, మెడలో వేసుకోవడానికని ఎవరో దానికో చిల్లు పొడిచారంటేనో, పైన కొక్కెం అతికారంటేనో, ఇక వాళ్ళు దాన్ని నాణెం అనరు. నాకు మాత్రం ఆ చిల్లులంటే ఇష్టం. మన నేలలో బయటపడ్డ రోమన్ బంగారు నాణేలు చూడండి, కొన్నిటికి చక్రవర్తి తల మీదుగా పక్కపక్కనే రెండు చిల్లులుంటాయి. ఓడలెక్కి, తుఫానులు దాటి, మన మిరియాలకి బదులుగా వచ్చిన బంగారం అది. దాన్ని చేతిలోకి తీసుకున్న ఇల్లాలెవరో ఆ దొర మొహంకేసి ఓసారి చూసి, "మనిషి బాగానే ఉన్నాడు గానీ, దారం ఎక్కడ పోసుకోవాలి?" అని ఉంటుంది.

ఈ మాటే ఒకసారి డెట్రాయిట్ శివారులో ఓ హోటల్ హాల్లో పైకి అనేశాను. వాన తగ్గేదాకా నిలబడదామని దూరితే లోపల నాణేల ప్రదర్శన జరుగుతోంది. పక్కనే కంటికి భూతద్దం బిగించుకుని వంగి ఉన్న పెద్దమనిషి తలెత్తాడు.

"ఆ ఇల్లాలు నాకు దొరకాలిగానీ!"

"దొరికితే ఏం చేస్తారేం?"

"కాళ్ళకి దణ్ణం పెట్టి, చేతిలో సూది లాక్కుంటాను."

అలా పరిచయమయ్యారు చక్రపాణి గారు. ఆ పూట వాళ్ళింట్లోనే భోజనం. ఆ తర్వాత మిషిగన్ మీదుగా ఎటు పోతున్నా ట్రాయ్ అనే ఆ శివారు ఊళ్ళో వాళ్ళింట్లో నాలుగురోజులు ఆగడం అలవాటైపోయింది. "వచ్చారా దేశదిమ్మరి గారూ" అని తలుపు తీసేవారాయన.

వరంగల్‌లో లోహశాస్త్రం చదివి, డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, కార్ల ఇంజన్లలో ఉక్కు ఎక్కడ చీలుతుందో కనిపెడుతూ రిటైరైన మనిషి. మంచు పడితే తన వాకిలికన్నా ముందు పక్కింటి పోలిష్ ముసలావిడ వాకిలి శుభ్రం చేసేవారు. గుళ్ళో పండగలకి పులిహోర పోపు ఆయనదే, ఇంకొకరిని పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఇవి కాక ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి, దక్షిణ ఇటలీలో గ్రీకులు కొట్టిన బంగారు నాణేలు.

గ్రీకులకి ఇటలీలో ఏం పని అని నేనూ మొదట అడిగాను. ఇటలీ బూటులా ఉంటుందంటారే, దాని మడమ లోపలివైపు టారెంటమ్ అని ఒక ఊరు. గ్రీకు దేశంనుంచి ఓడల్లో వలస వచ్చినవాళ్ళు కట్టుకున్నది. దానికి పడమట మెటపాంటమ్, వాళ్ళ నాణెం మీద యవల కంకి ఉంటుంది. పంట పండి బాగుపడ్డామని చెప్పుకోవడం.

"మనలాంటి వాళ్ళేనండీ," అనేవారు చక్రపాణి గారు. "పరాయి గడ్డ మీద మంచి ఇళ్ళు కట్టుకుని, పిల్లలు గ్రీకు మర్చిపోతారేమోనని ఆదివారాలు స్కూళ్ళు పెట్టుకునే ఉంటారు."

"సంఘాలు పెట్టుకుని రెండుగా చీలిపోయీ ఉంటారు."

"ఆహా! అది లేకపోతే వలస ఎలా అవుతుంది?"

మామూలు రోజుల్లో ఆ ఊళ్ళకి వెండే సరిపోయేదట. చుట్టుపక్కల వాళ్ళు మీదపడినప్పుడు, బయటినుంచి కిరాయి సేనాపతుల్ని పిలిపించుకున్నప్పుడు మాత్రం బంగారం కొట్టేవారు. బంగారు నాణెం కనిపించిందంటే ఆ ఏడు ఊరికి ఆపద వచ్చిందని అర్థం. ఇరవైకి లోపే ఉండేవి ఆయన దగ్గర. పెసరబద్దంతవి కొన్ని, బఠాణీ గింజంతవి కొన్ని, వేలిగోరంతవి నాలుగైదు. పెద్దవాటిల్లో ఒకదానిమీద అపోలో మొహం, వెనకవైపు పిడుగుమీద వాలిన గద్ద. ఆయన కొన్న మొదటి నాణెం అదే. చేతులు కడుక్కుని, నూలు గ్లోవ్స్ తొడుక్కుని, అంచులు పట్టుకుని ఎత్తేవారు. భార్య ఛాయాదేవి గారిని అటు రానిచ్చేవారు కాదు.

"మా సవతులు మడికట్టుకున్నారండీ," అనేది ఆవిడ నాకు కాఫీ ఇస్తూ. "నేను ముట్టుకుంటే మైల. మీరు ఇన్ని దేశాలు తిరిగారు కదా, బంగారాన్ని పెట్టెలో పెట్టి భూతద్దంలోంచి చూసుకునే మగాణ్ణి ఇంకెక్కడన్నా చూశారా?"

తుని మనిషి, మాటకి మాట అంటించగలదు. నవ్వితే ఇల్లంతా వినపడేది.

మధ్యలో మూణ్ణాలుగేళ్ళు నేను అటు వెళ్ళలేదు. కిందటేడు వసంతంలో వెళ్ళేసరికి తలుపు తీసింది వాళ్ళమ్మాయి విద్య. "హాయ్ అంకుల్" అంది గానీ మొహంలో కళ లేదు. లోపల ఛాయాదేవి గారు వంటింట్లో నేలమీద కూర్చుని బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవుతున్నారు. పప్పు డబ్బాలన్నీ అప్పటికే బోర్లించి ఉన్నాయి. నావైపు చూశారు గానీ గుర్తుపట్టలేదు. చక్రపాణి గారు పక్కనే గొంతుకూర్చుని ఒలికిన కందిపప్పు ఎత్తుతున్నారు.

"మాస్టారూ," అన్నారావిడ ఆయన్ని చూసి. "నా కాసులపేరు కనపడటంలేదు. ఆ మనిషే తీశాడు."

"ఏ మనిషమ్మా?" అన్నారు చక్రపాణి గారు.

"మా ఆయన."

జబ్బు ఏమిటో నాకు చెప్పనక్కర్లేకపోయింది. ముందు చుట్టాల పేర్లు పోయాయట, తర్వాత పోపు ఎప్పుడు మాడిందో తెలియడం పోయింది, తర్వాత మొగుడు. ఆయన స్థానంలో చిన్నప్పుడు ఇంటికొచ్చి లెక్కలు చెప్పిన మాస్టారు వచ్చి కూర్చున్నాడు. ఇన్ని ఊడిపోయినా కాసులపేరు మాత్రం పోలేదు. పొద్దున్న లేచింది మొదలు మెడ తడుముకోవడం, వెతకడం. దుప్పట్లు, డ్రయర్, కారు డిక్కీ.

విద్య తండ్రిని మందలిస్తోంది. "నాన్నా, అమ్మ చెప్పేది రియల్ కాదు. డెల్యూజన్. డాక్టర్ చెప్పాడు కదా, ఆర్గ్యూ చేయొద్దు, టాపిక్ మార్చు అని. యూ లుక్ సో గిల్టీ, వై?"

"అది డెల్యూజన్ కాదమ్మా," అన్నారు చక్రపాణి గారు పప్పు ఎత్తుతూనే. "నేను నిజంగానే తీశాను."

విద్య పుట్టిన కొత్తలో సంగతి. చికాగో ప్రదర్శనలో ఆ గద్ద నాణెం కనపడింది. జీతంలో మిగిలేది అంతంతమాత్రం. ఛాయాదేవి గారి దగ్గర అమ్మమ్మ పెట్టిన కాసులపేరు ఉంది. వరలక్ష్మీవ్రతం నాడు కలశానికి వేసి, సాయంత్రం తను వేసుకునేది. ఏడాదికి ఒక్క పూట. "అచ్చు గుద్దిన బిళ్ళలు, లక్షల్లో ఉంటాయి ఇలాంటివి. ఇది మాత్రం లోకంలో కొద్దే," అని బోధించారట ఈయన. ఆవిడ దాన్ని తెచ్చి చేతిలో పెట్టి, "తీసుకెళ్ళండి. ఈ మంచులో కోటు మీద వేసుకు తిరుగుతానా ఏం?" అని నవ్విందట. కొన్నవాడు దాన్ని కళ్ళముందే కరిగించాడు. మళ్ళీ చేయిస్తానని ఈయన అన్నారు. ఏడాదికోసారి అన్నారు. ఆ మిగతా ఏళ్ళన్నీ కలశం మెడలో పసుపుతాడు ఒక్కటే ఉందని, పక్కనే కూర్చుని కొబ్బరికాయ కొట్టిన మనిషి చూడలేదు.

"నవ్వింది కదా అనుకున్నానండీ," అన్నారు నాతో. "నవ్వితే అయిపోయిందనుకున్నాను."

కొత్తది చేయించొచ్చుగా అని మీరడుగుతారు. అదీ అయింది. విద్య న్యూజెర్సీలో మంచి దుకాణం నుంచి తెప్పించింది. ఛాయాదేవి గారు ఒక్కొక్క కాసూ బొటనవేలితో రుద్ది చూసి పక్కన పెట్టేశారు. "గరుగ్గా ఉంది. మా అమ్మమ్మ కాసులకి మొహాలు అరిగిపోయుంటాయి" అన్నారు.

ఆ మాట చక్రపాణి గారిలో పనిచేసింది. మర్నాడు పొద్దున్నే పెట్టె పట్టుకుని, "చికాగో పక్కన షామ్‌బర్గ్ దాకా వస్తారా? డ్రైవింగ్‌లో నిద్ర రాకుండా కబుర్లు చెబుదురుగాని," అన్నారు. ఇండియానా దాటేదాకా నాకు అసలు సంగతి చెప్పలేదు. ఆ నాణేలనే గుచ్చి కాసులపేరు చేయిస్తారట.

"ఇంకోసారి ఆలోచించండి. రెండువేల మూడొందల ఏళ్ళు ఎవరూ చెయ్యి పెట్టలేదు వాటిమీద."

"పెట్టారు. అరిగేదాకా పెట్టారు. అందుకేగా తీసుకెళ్తున్నది." అద్దంలోంచి వెనకసీటు మీది పెట్టెకేసి చూసి, "ఎటు తిప్పి చూసినా ఇవి ఆవిడవేనండీ. నేను భూతద్దంతో కాపలా కాశానంతే," అన్నారు.

షామ్‌బర్గ్‌లో నగల దుకాణం వెనక గదిలో కూర్చునే లోకేష్‌ది ప్రొద్దుటూరు. నాణేలు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇవి మ్యూజియమ్‌లో పెట్టేవి గదా సార్? వద్దు సార్, నాకు భయం."

"భయపడాల్సింది నేనయ్యా. పైన కొక్కెం అతికితే చాలు."

"పోనీ ఒక పని జేస్తా సార్. సుట్టూ పట్టీ కట్టి బిగిస్తా, టంకం తగలదు. రేపు మనసు మారితే ఊడదీసుకోవచ్చు."

"పట్టీ కడితే కాసుమీద కాసు వాలదు. ఆవిడకి కళ్ళతో పనిలేదిప్పుడు, వేళ్ళతోనే చూస్తుంది. అతికెయ్యి."

"అమ్మగారు ఏమంటారో అడిగినారా?"

"నలభయ్యేళ్ళ కిందట అడగాల్సింది," అన్నారాయన.

లోకేష్ మంట వెలిగించాడు. మొదట గద్ద నాణెమే తీశాడు. సన్నటి నీలం మంట తగలగానే అపోలో మొహం ఒక్క క్షణం ఎర్రబారింది. ఉక్కు ఎక్కడ చీలుతుందో జీవితమంతా చూసిన మనిషి ఆ మంట వంక చూడలేక, గోడమీది లక్ష్మీదేవి కేలండర్‌కేసి తిరిగి నిలబడ్డారు. చిన్నవాటిల్లో ఒకటి వేడికి అంచు కరిగి వంకరపోయింది. లోకేష్ "అయ్యో సార్" అన్నాడు. "పర్లేదు, దాన్నీ గుచ్చు," అన్నారు. కాసులు తక్కువ కాబట్టి మధ్యమధ్య బంగారు గుళ్ళు వేశాడు. పూర్తయ్యాక ఒకసారి చేత్తో ఊపాడు, సన్నగా గలగలమంది. అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు.

ఇల్లు చేరేసరికి ఛాయాదేవి గారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. చక్రపాణి గారు చేతులకి గ్లోవ్స్ తొడుక్కోలేదు. మెడవెనక కొక్కెం పెట్టబోతే రెండుసార్లు జారిపోయింది. విద్య సాయం వస్తే వద్దన్నారు.

ఆవిడ చెయ్యి మెడమీదికి వెళ్ళింది. ఒక కాసు పట్టుకుంది, రుద్దింది. ఇంకోటి. వంకరపోయిన దగ్గర ఆగి, దాన్నీ దాటింది. మొహం మెల్లగా విచ్చుకుంది. అప్పటిదాకా నేను చూడనంత నెమ్మది. విద్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చక్రపాణి గారు ఆవిడ ఎదురుగా వచ్చి నేలమీద మోకాళ్ళమీద కూర్చున్నారు.

"ఇది ఎవరో నిజంగా పెట్టుకున్నది," అన్నారు ఛాయాదేవి గారు. "ఎంత అరిగిపోయిందో చూడండి మాస్టారూ. చాలా పాతది."

"అవునమ్మా. నీదే."

"నాది కాదు." చేతులు వెనక్కి పెట్టి కొక్కెం తనే విప్పుకున్నారు. పైటచెంగులో మూటగట్టినట్టు పక్కనున్న రుమాల్లో పెట్టి మడిచారు. "ఎవరివో ఇవి. పాపం ఇల్లంతా వెతుక్కుంటూ ఉంటారు. నాకు తెలుసు ఎలా ఉంటుందో. వెళ్ళి ఇచ్చేసి రండి."

విద్య "అమ్మా, ప్లీజ్" అంది. ఆవిడ వినలేదు. లేచి, మాస్టార్ని భుజంపట్టి తలుపు వైపు నడిపించారు. చక్రపాణి గారు బూట్లు వేసుకున్నారు. నేనూ వెంట వెళ్ళాను. కిటికీలోంచి చూస్తూ ఉంటారని మలుపు దాటేదాకా నడిచాం. ఎవరింటికి వెళ్ళాలో తెలియని ఇద్దరు ముసలివాళ్ళం, పక్క వీధిలో ఉత్తరాల పెట్టె పక్కన నిలబడ్డాం. ఆయన రుమాలు రెండు చేతులతో గుండెలకానించుకుని పట్టుకున్నారు. కాసేపటికి "పదండి, ఎదురు చూస్తుంటుంది" అని రుమాలు కోటు లోపల పెట్టుకున్నారు.

గుమ్మంలోనే నిలబడి ఉన్నారావిడ.

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశానమ్మా."

"ఏమన్నారు?"

"ఏడ్చారు."

"ఏడవరూ మరి! ఎంత సంతోషమై ఉంటుంది." ఆవిడ కళ్ళు కూడా తడిశాయి. లోపలికి రాబోతున్న చక్రపాణి గారి చెయ్యి పట్టుకుని ఆపి, గొంతు తగ్గించి, "మీకు పుణ్యముంటుంది మాస్టారూ. నాది కూడా ఎవరికైనా దొరికిందేమో, కాస్త కనుక్కోండి," అన్నారు.

"కనుక్కుంటాను," అన్నారాయన.

ఆవిడ మళ్ళీ మెడ తడుముకుంటూ వంటింటివైపు వెళ్ళిపోయారు.