బావి దగ్గర టిక్కుమన్న పెట్టె

నా చిన్నప్పుడు, మా నాయన రెండు ఎండాకాలాలు చెమటోడ్చి తవ్విన బావి ఒక చిన్న చప్పుడుకు పూడిపోవలసింది. మాది కొనకనమిట్ల వైపు పల్లె, వాన పడితేనే పంట. బావిలో నీళ్ళు పడ్డాయని మా జేజి, అంటే నాయన తల్లి, గట్టు మీద గంగపూజకు కూర్చుంది. కొబ్బరికాయ ఎత్తగానే వెనక నుంచి టిక్, టిక్కని వినిపించింది.

"ఆ దిక్కున బల్లి పలికిందంటే చెడ్డే. ఈ నీళ్ళు మనకు అచ్చిరావు, పూడ్చెయ్ నాయనా," అన్నది జేజి. ఆమె వద్దంటే మా ఇంట్లో ఎవరూ చుక్క ముట్టరు. నాయన ముఖం వైపు చూడలేకపోయాను.

తిరిగి చూస్తే బల్లి కాదు. కొండరాళ్ళలో ఖనిజం వెతకడానికి వచ్చిన సర్వే పెద్దాయన, మెడలో పెట్టెతో నిలబడి ఉన్నాడు. చప్పుడు పెట్టెదని తెలిసి జేజి ఇంకా బెదిరిపోయింది. "అయితే నీళ్ళల్లో ఏందో ఉండాదనే గదా అది కూసేది!"

ఆయన నవ్వలేదు. కంటికి కనబడని కిరణం పెట్టెకున్న గొట్టంలోని వాయువును తాకినప్పుడల్లా రవ్వంత కరెంటు పుట్టి టిక్కుమంటుందని, అలాంటి కిరణాలు నేలలోంచీ ఆకాశంలోంచీ ఎప్పుడూ వస్తూనే ఉంటాయని చెప్పాడు. నా చేతిలో పలక చూసి, టిక్కుకొక గీత గియ్యమన్నాడు. నేను బడికి పోలేదు, నాయనే ఇంట్లో లెక్కలు నేర్పేవాడు.

గడియారం చూసి ఆయన ఒక నిమిషం పట్టాడు. బావి దగ్గర ఇరవై రెండు గీతలు. మళ్ళీ లెక్కపెడితే పద్దెనిమిది. తప్పు చేశానని నాకు ఏడుపొచ్చింది.

"తప్పు నీది కాదమ్మా," అన్నాడాయన. " చినుకులు నిమిషానికి ఇన్నేనని పడతాయా? అందుకే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాలి."

చేలో పంతొమ్మిది. చివరకు చెప్పులు విడిచి మా ఇంట్లో దేవుడి మూలకు వచ్చాడు. అక్కడ ఇరవై ఒకటి.

"ఏందీ, సామి కాడ గూడా కూస్తదా ఇది! దీనికి భయం భక్తీ లేదే!" అన్నది జేజి.

టిక్కుమన్నదా అని కాదు, మామూలుకన్నా ఎంత పెరిగిందో చూడాలని చెబుతూ ఆయన సంచిలోంచి ఆ కిరణాలు దండిగా చిమ్మే ఒక నల్లరాయి తీసి పెట్టె దగ్గర పెట్టాడు. వేయించే మంగలంలో జొన్న పేలాలు చిట్లినట్టు ఒకటే చప్పుడు. నా బలపం అందుకోలేకపోయింది.

జేజి రాయిని చూసింది, నా పలకను చూసింది. "మా బావి కాడ ఇట్ల కొట్టుకోలేదు గదా," అని లేచి వెళ్ళి కొబ్బరికాయ కొట్టింది. మొదటి చెంబు నీళ్ళు ఆయనకే ఇచ్చింది. నాయన తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరికి నలత చేసినా, ఫోనులో ఏ భయపెట్టే కబురు వచ్చినా నేను ముందు దేవుడి మూల కూర్చుంటాను. మామూలు రోజున ఇది ఎంతుంటుందని నన్ను నేనే అడుగుతాను. నా భయాలు చాలావరకు ఆ ఇరవై ఒక్క గీతల దగ్గరే ఆగిపోయాయి. ఆ పెద్దాయన పేరు మేమెవరమూ అడగలేదు. ఆ బావిలో చేద వేసిన ప్రతిసారీ, పేరు తెలియని ఆయనకు ఒక దండం పెట్టుకుంటాను.