విజయనగరంలో ముందే కొట్టేసిన చప్పట్లు

ఐదు వందల పాసుని మూడు వందలకి దింపిన మొనగాణ్ణి నేనే. అదీ ఒకటి కాదు, ఆరు! విజయనగరంలో ఒక టీవీ ఛానెల్ వాళ్ళ సినిమా అవార్డుల సభ. రెండు పాసులు మాకు, నాలుగు దారిలో అమ్మకానికి. పెట్టుబడి మా ఆవిడ సరస్వతి చీటీ డబ్బు. సాయంత్రానికి లాభంతో సహా చేతిలో పెడతానని మాటిచ్చాను. కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినవాడికి బేరం మీద అనుమానం రాదు.

ఉదయం తొమ్మిదింటికి కోటబొమ్మాళిలో పాసింజరెక్కాం. మనిషికి ఇరవై ఐదు. ఎదురుగా ఎండుచేపల గంపతో ఒకామె కూర్చుంది. పాసు చూపించి నాలుగు వందలన్నాను.

"టీవీలో ఊరికే వస్తేనే సూడ్నేదు బాబూ."

"ఏం?"

"వచ్చినోడికల్లా ఇత్తారు, రానోడికి ఇవ్వరు. అది బవుమతేటి, పేరంటంలో తాంబూలం గానీ!"

పెట్టె అంతా నవ్వింది. రెండు వందలన్నాను. వందన్నాను. గరివిడిలో గంప దించి ఇచ్చినా ఆమె పాసు ముట్టుకోలేదు.

పదకొండున్నరకి విజయనగరం. భోజనం ఎనభై, ఆటో నలభై. సభ ఆరింటికైతే రెండింటికే లోపల కూర్చోబెట్టారు. వేదిక మీద నరమానవుడు లేడు. మైకులో సూపర్‌వైజరు "నవ్వండి! చప్పట్లు! లేచి నిలబడండి!" అంటుంటే కెమెరాలు మమ్మల్ని తీస్తున్నాయి. తర్వాత అతికించుకుంటారట.

పక్క సీట్లో రైతు అడిగాడు. "మీకెంతిత్తన్నారు? మాకు రెండొందలు, పులిహోర పొట్లం."

పరుగెత్తి సూపర్‌వైజర్ని కూలి అడిగాను. నా పాసు తిరగేసి చూశాడు. "కొన్నారా! కొన్నవాళ్ళకి కూలి లేదండీ. ఏడిస్తే మాత్రం నూట యాభై. ఉత్తమ నటి మాట్లాడేటప్పుడు వేస్తాం."

"ఎవరావిడ?"

"ఎవరొస్తే వాళ్ళు."

సరస్వతి నా చేతిలోని పాసులకేసి ఒకసారి చూసింది. కన్నీళ్ళు ధారగా వచ్చాయి. సూపర్‌వైజరుకి రెండోసారి తీయాల్సిన పని పడలేదు.

ఐదింటికి ఆవిడ లేచింది. "సప్పట్లయిపోయాయి, ఏడుపూ అయిపోయింది. ఇంకేటుందండి సూడ్డానికి?"

సభ మొదలవకముందే బస్సెక్కాం.

పాసులు పద్దెనిమిది వందలు, రైలు యాభై, భోజనాలు నూట అరవై, ఆటో నలభై, బస్సు నూట ఎనభై. వెరసి రెండు వేల రెండు వందల ముప్ఫై. అమ్మకం సున్నా. ఏడుపు తాలూకు నూట యాభై జమ వేయబోతే సరస్వతి పర్సు మూసేసింది. అది ఆవిడ కష్టార్జితం, తీసేశాను. నష్టం రెండు వేల రెండు వందల ముప్ఫై.