పోపు వేళ

హిందీ మాట్లాడే ఊళ్లో, బిర్సానగర్ బస్తీలో ఉండే చిలకమ్మ ఆకుకూర ఏది వండినా కాడ ఒక గిన్నెలో, ఆకు ఒక గిన్నెలో. కూతురు శ్వేత డాబా మీద తొట్టిలో పెంచిన స్విస్ చార్డ్ కూడా ఆమెకు తోటకూర కిందే లెక్క. ఎర్రటి కాడలకు పీచు తీసి ముందు ఉడికిస్తుంది, ఆకు తరిగి తరవాత వేస్తుంది. పోపు మాత్రం డ్యూటీకెళ్లిన మనిషి తిరిగొచ్చిన గేటు చప్పుడు వినిపించాకే. అత్తగారి నాటి నుంచీ ఆ ఇంటి ఆచారమది. ఈరోజు శ్వేతకు కార్ఖానాలో క్రేన్ నడిపే మొదటి షిఫ్టు. రెండింటికి షిఫ్టు దిగే సైరన్ మోగింది. మూడు కావస్తోంది, పిల్ల ఫోనెత్తడం లేదు. చిలకమ్మ కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. గేటు చప్పుడైతే ఆవాలు వేసింది, వచ్చింది పక్కింటావిడ. చూసొచ్చేసరికి పోపు మాడింది. మళ్లీ చప్పుడు, మళ్లీ ఆవాలు. ఈసారి గ్యాస్ బండ అతను. "ఈ గేటు దుంప తెగ!" అంటూ పొయ్యి కట్టేసి విసవిసా వెళ్లి, దాన్ని బార్లా తెరిచి, ఇటుక అడ్డం పెట్టొచ్చింది. మూకుడులో కొత్త నూనె పోస్తుంటే వెనక నుంచి, గేటెందుకు తీసుందని, బాగా ఆకలేస్తోందని హిందీలో శ్వేత గొంతు: "మమ్మీ, గేట్ ఖులా క్యోం హై? బహుత్ భూఖ్ లగీ హై." చిలకమ్మ వెనక్కి తిరగలేదు. "ఏటే ఇంతసేపు? కాళ్లు కడుక్కో, పోపు మాడిపోతంది!" అని ఆవాలు వేసేసింది. వెలిగించని పొయ్యి మీద, చల్లటి నూనెలో, అవి ఉలుకూ పలుకూ లేకుండా అడుక్కి దిగిపోయాయి.