బతుకమ్మ ఆటలో దొరికిన ఒమేగా

మా చిన్నప్పుడు... కోరుట్లలో పదో తరగతి చదివే రోజుల్లో, మా చిన్నమ్మ కూతురు స్వరూప భౌతికశాస్త్రాన్నంతా బతుకమ్మ పాటగా మార్చేసింది.

"వీ సమానం ఆర్ ఒమేగా ఉయ్యాలో..." అని తను ఎత్తుకుంటే, బడికి నడిచే దారి పొడుగునా మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. వీ అంటే వేగం, ఆర్ అంటే మధ్య నుంచి దూరం, ఒమేగా అంటే చుట్టు తిరిగే జోరు. నిద్రలో లేపి అడిగినా ఒక్క సూత్రం తప్పేది కాదు.

దసరా సెలవుల ముందు క్వార్టర్లీ పరీక్ష వచ్చింది. తిరుగుతున్న రంగులరాట్నంలో అంచున కూర్చున్న పిల్లవాడి వేగం ఎక్కువా, మధ్యకు దగ్గరగా కూర్చున్నవాడిదా, కారణం తెల్పుము... అన్నది ప్రశ్న. స్వరూప సూత్రాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. దాని కింద ఏమీ లేదు. పేపరు నిండా అలాంటి ఖాళీలే. ఫెయిలైంది.

చిన్నాయన సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసేవాడు, ఇంటికి రావడం తక్కువ. అందుకని ఇంట్లో చివరి మాట చిన్నమ్మదే. ఆమె బీడీలు చేసేది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు... తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది.

"పండుగ ఎల్లినంక ఇంకొక్క పరీక్ష చూస్త. గండ్ల గూడ గిట్లనే అస్తే బడి బందు. నా పక్కన ఇంకో చాట ఏస్త."

"మంచిగ సదువుతున్ననే అవ్వ..." అంది స్వరూప. తల్లిని అవ్వ అనే పిలిచేది.

"సదువుతలేవే, పాడుతున్నవ్!"

స్వరూప ఆ పూట అన్నం ముట్టలేదు. తనకు బడి అంటే ప్రాణం. సెలవులంతా పుస్తకం ముందేసుకుని కూర్చుంది... పాడుతూనే. ఇంకో దారి తనకు తెలియదు మరి.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దు గూకే వేళకు బడి ముందరి జాగాలో అందరం చేరాం. మా వాడకట్టులో ఒక అలవాటు ఉండేది. బతుకమ్మల చుట్టూ బిడ్డలది లోపలి వరుస, తల్లులది బయటి వరుస. ప్రతి తల్లీ తన బిడ్డ వెనకే నిలబడాలి. ఆట సాగినంతసేపూ ఆ జత విడిపోకూడదు.

పాట ఎత్తుకునేది ఎప్పట్లాగే స్వరూప. కాసేపటికి వెనక నుంచి చిన్నమ్మ గొంతు...

"ఓ స్వరూపా, జెర మెల్లగ పాడవే! నాకు ఉరుకుడైతంది!"

"నేను మెల్లగనే నడుస్తున్ననే అవ్వ. నువ్వే ఊకె ఆయాసపడుతున్నవ్."

"నీకేం, లోపల నిలవడి నాజూకుగ నడుస్తున్నవ్. బయటికొచ్చి తిరుగు, తెలుస్తది!"

"తల్లీబిడ్డల పంచాది బతుకమ్మ కాడనా?" అని పక్కన ఎవరో అంటే అందరూ నవ్వారు.

స్వరూపకు రోషం వచ్చింది. తల్లిని లోపలికి పంపి తను బయటి వరుసలోకి వెళ్ళింది. అదే పాట, అవే చప్పట్లు... నాలుగు చరణాలు దాటకముందే గొంతులో ఎగశ్వాస. చిన్నమ్మ మాత్రం లోపల హాయిగా, చిన్న చిన్న అడుగులతో నడుస్తోంది.

ఉన్నట్టుండి స్వరూప పాట ఆపేసింది. నేల మీద పాదాల గుర్తులను చూస్తూ నిలబడిపోయింది. తర్వాత నా చెయ్యి పట్టి లాగింది.

"అక్కా... సుట్టు అందరికి ఒక్కసారే ఒడుస్తది. కని బయటోళ్ళ తొవ్వ పెద్దది. గందుకే అవ్వ ఉరికింది!"

"అయితే ఏంది?"

"ఏందంటవేందక్కా! ఒమేగా అందరికి ఒక్కటే. ఆర్ పెద్దగైతే వీ పెద్దగైతది. గది పుస్తకంల లేదే, గీడనే ఉన్నది!"

"పాట ఆపి గా ముచ్చట్లేందే, చీకటి పడుతంది!" అని చిన్నమ్మ కేకేసింది.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. జత విడిపోకూడదన్న కట్టుబాటు ఉండబట్టే ఆ సూత్రం అక్కడ నిజమైంది. ఎవరి నడక వాళ్ళు నడిస్తే బయటివాళ్ళకు ఉరకాల్సిన పనే లేదు. ప్రతి సూత్రం వెనకా అలాంటి షరతు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుంటే అక్షరాలు వాటంతటవే తమ తమ చోట్ల కూర్చుంటాయి... వల్లె వేయాల్సిన అవసరం రాదు. ఇన్నేళ్ళుగా బడిలో పిల్లలకు ఈ పాఠమే చెబుతున్నాను, ఒక్కసారీ నాకది తప్పనిపించలేదు.

సెలవుల తర్వాత సైన్సు సార్ పరీక్ష పెట్టారు. ఈసారి ప్రశ్న ఇసుర్రాయి, అంటే తిరగలి మీద. ఇరుసు దగ్గర ఒక గింజ, దానికి రెండింతల దూరంలో ఇంకో గింజ, ఏది ఎక్కువ వేగంగా తిరుగుతుంది, ఎందుకు అని. స్వరూప రెండు వృత్తాలు గీసి, జవాబు రాసి, కారణం కూడా రాసింది. సూత్రం మాత్రం రాయలేదు.

"సూత్రమేదమ్మా?" అన్నారు సార్, పేపరు దిద్ది ఇస్తూ.

"మర్చిపోయిన సార్. కని నడిచి చూపిస్త."

తరగతి గొల్లుమంది. సార్ నవ్వలేదు. నడవమన్నారు. నన్ను లోపల నిలబెట్టి, తను నా వెనక నిలబడి, బల్లల మధ్య ఒక చుట్టు తిరిగి చూపించింది. సార్ మార్కులు పూర్తిగా వేశారు.

ఇంటికెళ్ళి పేపరు చూపిస్తే చిన్నమ్మ చాట పక్కన పెట్టింది.

"మల్ల పాడి రాసినవా?"

"లేదవ్వ. నీ లెక్క ఉరికి రాసిన."

సంగతంతా చెప్పేసరికి చిన్నమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేంతగా నవ్వింది. "వారీ... ఉరికింది నేనాయె, పాసైంది నువ్వా!"

బడి బందన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఇప్పుడు మా పిల్లల ఫోన్లలో వృత్తాలు రంగురంగుల్లో తిరుగుతాయి. నిజం చెప్పాలంటే, నేను బోర్డు మీద గీసే బొమ్మల కంటే అవే నయం. అయినా తెర మీద తిరిగే ఆ చుక్కకు ఎంత దూరం వెళ్ళినా కాళ్ళు నొప్పి పెట్టవు...

మీకూ ఏదో ఒక సూత్రం పుస్తకం బయటే అర్థమై ఉంటుంది. బావి దగ్గరో, సైకిల్ మీదో, వంటింట్లోనో... అప్పుడు పక్కన ఎవరున్నారో కూడా రాయండి.