అమ్మ తాళిలో రోమన్ కాసు

మా చిన్నప్పుడు... బళ్ళారి జిల్లా హచ్చొళ్ళిలో మా ఇంటి నడవ గోడకు వరుసగా పటాలు ఉండేవి. అన్నీ ఆడవాళ్ళవే. ముత్తవ్వ, జేజి... నల్లటి జుట్టు, పెద్ద బొట్లు. ఇంట్లో తిరిగే ముసలివాళ్ళు మాత్రం అందరూ మగవాళ్ళే.

అమ్మ తాళిలో పుస్తెల పక్కన ఒక బంగారు కాసు ఉండేది. ముత్తాత మడి చదును చేస్తుంటే దొరికిందట. దాని మీద కొప్పు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉంటే లక్ష్మీదేవి అనుకున్నారు. చిల్లు వేయించి, వచ్చిన ప్రతి కోడలికీ తాళిలో గుచ్చడం మా ఇంటి ఆచారం. అది వేసుకున్నవాళ్ళు మొగుడికంటే ముందే, ముత్తైదువలుగా పోతారని తాత గొప్పగా చెప్పేవాడు. నేనూ మురిసిపోయేదాన్ని... ఆ మాట అమ్మ గురించి కూడా అని తట్టేది కాదు.

ఒక ఎండాకాలం మామ, అంటే అమ్మ వాళ్ళ అన్న, బళ్ళారి గాంధీనగర్ నుంచి వచ్చాడు. కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. అమ్మ వడియాలు పెడుతూ వంగితే కాసు బయటికి వేలాడింది. మామ భూతద్దం తెచ్చి, అమ్మ మెడలో ఉండగానే దాన్ని పట్టుకుని నాకు చదవడం నేర్పాడు. అక్షరాలు భుజం దగ్గర మొదలై తలచుట్టూ తిరుగుతాయట, 'వి'లా కనిపించేదాన్ని 'యు' అని చదవాలట. ఫౌస్టినా... రోమ్ రాణి. ఆ పేరుకు ముందు 'దివా' అని ఉంది. అది చదవగానే మామ భూతద్దం దించేశాడు.

"సరోజా, ఇది తీసెయ్. 'దివా' అంటే సచ్చి దేవతైందని. ఆ రాణి సచ్చిపోయినాంక మొగుడు ఆమె గుర్తుకు ఏయించిన కాసు ఇది."

అమ్మ నవ్వింది. "మంచిదే గదన్నా. ఆయన కంటే ముందు పోతే చాలు నాకు."

తాళిలోది తీయడమేంటని తాత కేకలేశాడు. మామ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ వానాకాలమే అమ్మకు కామెర్లు వచ్చాయి... పసరు మందులతోనే సరిపెట్టారు. బళ్ళారి ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి చేయి దాటిపోయింది. ఊరి ఆడవాళ్ళు వచ్చి, ఎంత అదృష్టవంతురాలో అంటూ అమ్మ పాదాల దగ్గరి కుంకుమ తీసుకున్నారు. ఆ అదృష్టం మీద నాకు ఇప్పటికీ కోపమే.

పోయిన వారం తమ్ముడి పెళ్ళి ఖాయమైంది. నాయన ఆ కాసును కుంకుడురసంలో కడిగి, కాబోయే కోడలి చేతిలో పెట్టాడు. నేను పక్కన కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరమూ చదివి, మామ చెప్పిందంతా చెప్పాను. ఆ పిల్ల దాన్ని తిప్పి చూసి నా చేతిలో పెట్టింది.

"అంత మంచిదైతే మీ తమ్ముడు ఏసుకోకూడదా వదినా?"

నాయన కాసు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

అమ్మ రోజుల్లో ఈ మాట అడిగినవాళ్ళే లేరు... ఇప్పటి పిల్లలు అడుగుతున్నారు, సంతోషమే. కానీ పెట్టె తాళంచెవి ఇంకా నాయన మొలతాడుకే ఉంది. ముహూర్తం దగ్గరపడుతోంది. గోడ మీద అమ్మ పటం పక్కన ఇంకొకదానికి చోటు ఉంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత కాసులు ఉన్నాయా? వాటి మీద ఏం రాసుందో ఎప్పుడైనా చదివించారా? చదివిస్తే నాకు కాదు... ముందు వేసుకోబోయే పిల్లకు చెప్పండి.