ఎనిమిది మందిలో ఒకరు

బెంగళూరులో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను టీమ్ లీడ్ అయిన ఏడాది, నా కింద ఎనిమిది మంది పనిచేసేవాళ్లు. వాళ్లలో ఒకమ్మాయిది ధర్మవరం. వాళ్ల నాయన మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. ఆమె బయోడేటా తీసుకెళ్లి మేనేజరు చేతిలో పెట్టింది నేనే. మాది హిందూపురం. శుక్రవారం సాయంత్రం ఇద్దరం ఒకే రైలెక్కేవాళ్లం. నేను హిందూపురంలో దిగిపోతే ఆమె పెనుకొండ మీదుగా ధర్మవరం పోయేది. నన్ను అక్కా అని పిలిచేది.

ఒకసారి క్లయింటు ప్రోగ్రాం మొరాయిస్తే, మూడు రోజులు కూర్చుని తప్పెక్కడుందో ఆమే పట్టుకుంది. ఫోన్ మీటింగులో ఆ సంగతి క్లయింటుకు వివరించింది మాత్రం టీమ్‌లోని ఇంకొకతను. అతని ఇంగ్లీషు బాగుంటుంది. మేనేజరుతో కలిసి సిగరెట్టుకు వెళ్తాడు. మెచ్చుకోలంతా అతనికే వచ్చింది.

మార్చిలో మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"టీమ్‌లో ఒకరు అట్టడుగు గ్రేడులో ఉండి తీరాలి. పైనుంచి వచ్చిన రూలు. ఎవరిని వేస్తావు?"

"అందరూ బాగానే చేశారు," అన్నాను.

"ఆ ధర్మవరం అమ్మాయి? క్లయింటుకు ఆమె పేరు కూడా తెలీదు."

"ఆ తప్పు పట్టుకున్నది ఆమే."

"సరే, ఇంకో పేరు చెప్పు. చెప్పలేకపోతే లీడ్‌గా పనికిరావని నీ గురించి నేను రాయాల్సి వస్తుంది."

ఏడుగురినీ మనసులో ఒక్కొక్కరినే తలుచుకున్నాను. ఎవరి పేరు రాసినా నా మీదికి పోట్లాటకు వస్తారు. ఆమె రాదు. అందుకే ఆమె పేరు రాశాను. ఇంతకు మించి వేరే కారణం లేదు. ఫారంలో కారణానికి ఒక గడి ఉంటే, సరిగా మాట్లాడటం రాదనీ చొరవ లేదనీ నింపి సంతకం చేశాను.

ఆ వారం రైల్లో ఆమె ఉడికించిన చెనక్కాయలు ఒలిచి నా చేతిలో పెడుతూ అడిగింది.

"అక్కా, ఈసారి నాకు ప్రమోషన్ వస్తాదంటావా?"

"చూద్దాం," అని కిటికీ వైపు తిరిగాను.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం, అట్టడుగు గ్రేడు వచ్చినవాళ్లందరితో పాటు ఆమెనూ పిలిచి రాజీనామా రాయించుకున్నారు. సెక్యూరిటీ మనిషి గేటు దాకా వెంట నడిచాడు. ఆ సాయంత్రం రైల్లో ఎప్పటిలాగే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆ కాగితం నాకు సూపించినారక్కా. కింద నీ సంతకం ఉండాది."

"నన్ను రాయమన్నారు."

"రాయమంటే రాసినావు, సరే. నాకు మాట్లాడేకి రాదని రాసినావే. నీ యాస వింటే క్లయింటు నవ్వుతాడు, మీటింగుల్లో గమ్మునుండు అని చెప్పింది నువ్వే కదక్కా?"

నేనే. ఆమె చేరిన మొదటి నెలలోనే, మంచికే చెబుతున్నాననుకుని చెప్పాను. పక్కనున్నవాళ్లు మా వైపు చూస్తున్నారు. హిందూపురం వచ్చాక "వస్తాను" అంటూ లేచాను. ఆమె తల తిప్పలేదు.

ఆ ఏడాదే నాకు ప్రమోషన్ వచ్చింది. తర్వాత ప్రతి మార్చిలోనూ ఒక పేరు రాశాను. రెండో ఏడు ఆ పేరు రాయడానికి రెండు రోజులు పట్టింది. మూడో ఏడు అయిదు నిమిషాలు పట్టింది.

నాలుగేళ్లకు మా ఇంట్లో పెళ్లి. చీరలకని ధర్మవరం వెళ్లి, ఆ అమ్మాయి వాళ్ల ఇల్లు అడిగి తెలుసుకున్నాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలీదు. నేను పేరు చెప్పగానే వాళ్ల నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు.

"నువ్వేనా తల్లీ? మా పాపకు పనిప్పిచ్చింది నువ్వే అంట కదా. ఆడ నీళ్లు పడక వచ్చేసింది గానీ, నీ మాట ఎప్పుడూ చెప్తా ఉంటాది."

మగ్గం వైపు చూస్తూ అడిగాను, "ఇప్పుడు యాడ చేస్తాంది?"

"పెనుకొండలో. కాలేజీ పిల్లోళ్లకు కంప్యూటర్ చెప్తాది. అయిదు గంటల బస్సుకొస్తాది. కూచో, సూసి పోదువు."

గోడ గడియారంలో నాలుగున్నర అయింది. ఆయన చాప మీద ఒక్కో చీరే విప్పి చూపించాడు. ఏ రంగులు ఏరుకున్నానో గుర్తులేదు. ఇచ్చిన కాఫీ సగం తాగి, బయట ఆటో కాచుకుని ఉందని చెప్పి లేచాను. ఆటో ఏదీ లేదు. బస్టాండు వైపు కాకుండా ఇంకో సందులోంచి నడుచుకుంటూ స్టేషనుకు వెళ్లిపోయాను.