బూట్లు వేసుకోగలరా?

ఆయన్ని అందరూ నంబరు బాబాయ్ అనేవారు. బూట్ల షాపులో సేల్స్‌మన్. మనిషి గుమ్మం తొక్కగానే కాళ్లవైపు ఒక్క చూపు చూసి, "మీది ఎనిమిదో నంబరు, ఎడమ కాలికి మాత్రం కాస్త బిగుతుంటుంది" అని తేల్చేసేవాడు. కొలిచి చూడమంటే నొచ్చుకునేవాడు. రోజంతా గొంతుక్కూర్చుని ఊరందరి కాళ్లకూ బూట్లు తొడిగీ తొడిగీ తుంటి అరగదీసుకున్నాడని వాళ్లావిడ సాధించేది.

మొదటిసారి వేసిన కృత్రిమ తుంటి కొన్నేళ్లకే వదులైపోయింది. అడుగేస్తే ప్రాణం పోయేది. రెండోసారి కోయడమంటే మాటలా! పాతది పీకాలి, గుల్లబారిన చోట ఎముక పొడి నింపాలి, తొడ ఎముకలోకి పొడుగాటి కడ్డీ దించాలి. డాక్టరు అన్నీ చేశాడు. కాలు కాస్త పొట్టిదైంది, కుంటు మిగిలింది, నొప్పి పోయింది. షాపు యజమాని మంచివాడు కాబట్టి ఎత్తు కుర్చీ వేయించి కౌంటరులో కూర్చోబెట్టాడు. వంగడం మాత్రం కుదరదు. ఊళ్లో అందరి కాళ్లూ పట్టుకున్న మనిషికి తన కాళ్లే అందకుండా పోయాయి.

అప్పటినుంచి బూట్లు తొడిగే పని ఆవిడది. పొద్దున్నే పీట వేసుకుని, "కాలివ్వండి మహారాజా" అనేది. ఒకసారి ఆయన షాపు నుంచి పొడుగు షూహార్న్ తెచ్చుకున్నాడు. వంగే పని లేకుండా, మడమ కింద ఆనించి కాలు బూటులోకి జార్చుకునే రేకు. దాన్ని చూసి ఆవిడ మండిపడింది.

"నేను చచ్చానా, ఆ గరిటె ఎందుకు?" అని బీరువా మీదికి విసిరేసింది.

ఏటా ఎక్స్‌రేకి ఇద్దరూ కలిసే వెళ్లేవారు. డాక్టరు ఎప్పుడూ అవే ప్రశ్నలడిగేవాడు. మెట్లెక్కగలరా? బూట్లు వేసుకోగలరా? "ఓ, భేషుగ్గా!" అని ఆవిడే జవాబిచ్చేది. అది అబద్ధమని ఇద్దరికీ తోచనేలేదు. రోజూ బూట్లేసుకునే కదా షాపుకి పోతున్నాడు!

ఈ ఏడు ఆవిడ లేదు. జ్వరమని పడుకుని వారం తిరక్కుండా పోయింది. ఇంటిల్లిపాదీ ఏడ్చారు, ఆయనకు ఏడుపు రాలేదు. పెడితే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు, చెప్పులేసుకుని షాపుకి పోయి వచ్చాడు. లోపల ఏమీ లేదు, అంతే.

"ఒక్కసారి ఏడ్చెయ్ నాన్నా, నాకు భయమేస్తోంది" అంది అత్తారింటి నుంచి వచ్చిన కూతురు.

"వస్తే ఏడవనా తల్లీ?" అన్నాడు.

ఎక్స్‌రేకి కూతురే తీసుకెళ్లింది. డాక్టరు మెట్ల గురించి అడిగాడు, తర్వాత బూట్ల గురించి అడిగాడు.

"వేసుకోలేనండీ" అన్నాడు నంబరు బాబాయ్.

డాక్టరు తలెత్తాడు. "పోయినేడు భేషుగ్గా అన్నారే! కొంపదీసి మళ్లీ వదులైందా?" అంటూ ఎక్స్‌రేని మళ్లీ వెలుతురులో పెట్టాడు. కూతురి మొహంలో నెత్తురుచుక్క లేదు. మూడోసారి కోస్తే తట్టుకునే ఒళ్లు కాదది. ఆయన మాత్రం ఎవరి తుంటి గురించో వింటున్నట్టు కూర్చున్నాడు.

"వెంట్రుకవాసి కూడా కదల్లేదండీ! మరి ఏం మారినట్టు?" అన్నాడు డాక్టరు.

"మా ఆవిడ పోయిందండీ. ఆవిడే తొడిగేది."

"ఇన్నేళ్లూ అమ్మేనా?" అంది కూతురు.

డాక్టరు ఎక్స్‌రేని కవరులో పెట్టేశాడు. తర్వాత, "పొడుగు షూహార్న్ అని ఉంటుంది, వాడి చూడండి" అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో పాపం ఆయనకేం తెలుసు! నంబరు బాబాయ్ సరేనని తలూపాడు.

ఇంటికొచ్చాక ఆయన చెబితే కూతురు స్టూలెక్కి బీరువా మీద వెతికింది. షూహార్న్ దుమ్ము పట్టి ఉంది, కవరు కూడా విప్పలేదు. తను తొడుగుతానంటే ఆయన వద్దన్నాడు. కుర్చీలో కూర్చుని, రేకు ఆనించి, కాలు దించాడు. బూటు సర్రున ఎక్కింది. రెండోదీ అంతే.

"అమ్మయ్య! ఇంత సులువైతే ఇన్నేళ్లూ అమ్మ ఎందుకు అవస్థ పడినట్టు?" అంది కూతురు.

ఆయన బూట్లవైపు చూశాడు. ఎదురుగా గోడవారన పీట ఉంది.

"సులువని దానికి తెలుసమ్మా" అన్నాడు. "తెలిసే పైకి విసిరేసింది."

ఆ మాట అంటూనే, బూట్లు కాళ్లకుండగానే, కూతురి చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.